స్కాల్క్ మామ పందొమ్మిది నిమిషాల చావు

“రెండు నిమిషాల్లో చావాలి మామా. అంతకు మించి ఒక్క ఊపిరి తీసినా నీ వేషం పోస్టుమాస్టరుకిచ్చేస్తా.”

“ఉత్తరం చేర్చడానికే నెల పడుతుంది వాడికి. రెండు నిమిషాల్లో ఏం చస్తాడయ్యా?”

“పుస్తకంలో ‘దేవుడా, నా పిల్లలు’ అని కూలిపోతాడు, అంతే. ఎద్దులెక్కడివి?”

“బండి కట్టుకొచ్చినవాడికి ఎద్దులుండవా?”

ఉన్ని గోదాములో ఇలా పోట్లాడుకుంటున్నది థేరోన్ మాస్టారూ, స్కాల్క్ మామా. మామకున్న జబ్బు ఒక్కటే: చావమంటే చావడు.

డెబ్బై ఏళ్ల కిందట బ్లౌక్రాన్స్ ఏటి ఒడ్డున జూలూలు మా డచ్చి తాతల వలసబళ్ల మీద పడి నరికిన కథను మాస్టారు విషాద నాటకంగా రాశారు. అదీ డచ్చిలో కాదు, మేం వంటింట్లో మాట్లాడుకునే భాషలో. అందులో మంచివాళ్లంతా మావాళ్లే. చెడ్డవాళ్లూ మావాళ్లే, మసి పూసుకొని. ఆ నేల అంతకుముందు ఎవరిదని రాసినాయనా అడగలేదు, చూసేవాళ్లూ అడగలేదు. కాలేజీ మానేసి వచ్చిన నాకు మసీ ఈటే దక్కాయి. మామని పొడవడం నా పని.

మూడు నెలలకోసారి చర్చిలో ప్రభు భోజనానికి రైతులంతా బళ్లు కట్టుకొని ఊరు చేరే శనివారం మధ్యాహ్నం ఆట. నేను అరుస్తూ పొడుస్తాను. మామ కూలతాడు. మోచేతి మీద లేస్తాడు. బండికి కట్టిన పదహారు ఎద్దులకీ పేరుపేరునా వీడ్కోలు చెబుతాడు. మూడో ఎద్దు పేరు ఇంగ్లండ్. మావాళ్లు బద్ధకపు ఎద్దుకి ఆ పేరే పెడతారు, కొరడా ఝుళిపించడానికి హాయిగా ఉంటుందని. అక్కడ ఈలలు. ఆ తర్వాత గొంతు దించి ఒకటే గొణుగుడు. జనం బయటికెళ్లి కాఫీ తాగొస్తారు.

“ఎంతవరకు చచ్చాడు?”

“తొమ్మిదో ఎద్దు దాకా.”

ఈసారి బ్లూమ్‌ఫాంటెయిన్ నుంచి పెద్ద పాదిరిగారు వస్తున్నారు. మాస్టారు నన్ను పక్కకు పిలిచి, “లేస్తే మళ్లీ పొడువు” అన్నారు. వెళ్లి అదే మామకి చెప్పాను.

“ముందు వరసలో ఎవరుంటారో ఎప్పుడైనా చూశావురా?” అన్నాడు మామ.

అలెట్టా అవ్వ. ఆ ఊచకోతలో బతికి బయటపడ్డ అప్పటి ఆరేళ్ల పిల్ల. ఊరు ప్రతి ఆటకీ పాదిరి ఇంట్లోని సోఫా తెచ్చి, ఆవిణ్ణి విగ్రహంలా కూర్చోబెడుతుంది.

“నేను చచ్చాక ఉయ్యాల్లో బిడ్డని చంపుతారు కదా. ఆ బిడ్డ ఆవిడ తమ్ముడురా. ఏడాదికి నాలుగుసార్లు చంపి చూపిస్తున్నాం.”

“రానని చెప్పొచ్చుగా?”

“చెప్పింది. ఊరి పరువన్నాడు మాస్టారు.”

“మరి ఎద్దులు?”

“వాళ్ల నాన్నవి. పేర్లు అవ్వనే అడిగి రాసుకున్నా. చిన్నప్పుడు బండిలో పడుకొని, నాన్న వాటిని అదిలిస్తుంటే వింటూ నిద్రపోయేదట. పన్నెండో ఎద్దుకి కళ్లు మూతలు పడతాయి, పదహారో దానికి తల వాలుతుంది. ఆ తర్వాత తుపాకి పేల్చినా లేవదు.”

మామ నా చేతిలోని ఈటె మొన బొటనవేలితో తడిమి, మొద్దుగానే ఉందని తృప్తిపడ్డాడు.

“మాస్టారు పొడవమంటే పొడువురా లుకాస్. కాకపోతే అవ్వ తల వాలిందో లేదో చూసి పొడువు. పొడిచేటప్పుడు అరవకు.”