నలభై ఒకటో పేజీలో సున్నా

ధర్మవరంలో మగ్గం నేసే చౌడప్పకు డిటెక్టివ్ నవలల పిచ్చి. మా అద్దె పుస్తకాల షాపుకు ఒకే డిటెక్టివ్ సీరీస్‌లో నూటపన్నెండు నవలలు వస్తే అన్నీ నమిలేశాడు. చదివిందే మళ్లీ తీసుకుపోకుండా మా దగ్గర అందరూ పుస్తకంలో ఏదో గుర్తు పెట్టుకుంటారు. చౌడప్పది నలభై ఒకటో పేజీ మూలన వంకర సున్నా.

తొంభై ఆరులో చౌడప్ప పోయాడు. మరుసటి వారమే నూటపదమూడోది వచ్చింది. "ఇది సదవకుండానే పాయె" అని అతని భార్య నాగరత్నమ్మ వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయేలా ఏడ్చింది. చూడలేక, పెన్సిల్‌తో దొంగ సున్నా చుట్టి ఆ పుస్తకం ఆమెకిచ్చాను.

మర్నాడు ఆ సున్నా చూపిస్తూ వెలుగుతున్న ముఖంతో వచ్చింది.

"సూడప్పా, మా ఆయప్ప సదివినాడు."

"పోయినోళ్లు యాడన్నా సదవతారా అక్కా?"

"నువ్వు బాడుగ అడగతావని దొంగగా సదివిపోయినాడు."

నిజం చెబితే మనిషి మళ్లీ కూలిపోతుంది. అందుకే నూటపద్నాలుగో నవల రాగానే కట్టను నా చేత్తోనే విప్పి, పెన్సిల్ చెక్కుకుని, నలభై ఒకటో పేజీ తెరిచాను.

మూలన వంకర సున్నా అప్పటికే ఉంది.

నాగరత్నమ్మ గడపలో నిలబడింది. "సదివినాడా?"

"సదివినాడక్కా" అన్నాను. ఆ పేజీ మూయడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు.