కుంటలో పోసిన తుత్తం

2009 మే 14, గురువారం, ఉదయం ఆరున్నర. నాచారంలో మా కాలనీ వెనకున్న కుంటలో మైలుతుత్తం కలిపిన నీళ్లు పీపాలతో పోయించడం మా సంఘం అధ్యక్షుడు మొదలుపెట్టింది అప్పుడే. తరువాత ఆయన మాట మార్చాడు కాబట్టి గంటతో సహా రాస్తున్నాను.

ఆయనకు ఒకప్పుడు ఉప్పల్‌లో ద్రాక్షతోట ఉండేది. తోట ప్లాట్లయింది. తీగలకు బూజు పట్టకుండా కొట్టే తుత్తం సంచులు షెడ్డులో మిగిలాయి. కుంట పచ్చబడి వాసనేస్తోందని కాలనీవాళ్లు గోల చేస్తే ఆ సంచులు గుర్తొచ్చాయి.

నేను బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని. ఆ పచ్చదనమంతా విడిగా కంటికి ఆననంత చిన్న మొక్కలు. తెల్ల పళ్లేన్ని తాడుతో కుంటలోకి దించి, ఏ కాలంలో ఎంత లోతు దాకా కనిపిస్తుందో చూసేదాన్ని. వానల్లో బురదనీటిలోకి ఎండ దిగక ఆ మొక్కలు తగ్గుతాయి. చలికాలంలో నీరు తేరుతుంది. ఎండలు ముదిరాక మా ఇళ్ల మురుగు తిని విపరీతంగా పెరుగుతాయి. ఒక్క మంచి వాన దాకా ఆగలేకపోయారు!

నేను గట్టెక్కేసరికి, కుంటను గుత్తకు తీసుకుని చేపలు పెంచే ఆమె అక్కడే అరుస్తోంది.

"ఏం బోస్తున్నవ్ పటేలా? నా చేపలున్నయ్ అండ్ల!"

"ద్రాక్షకు కొట్టిన మందే అక్కా. మస్తు మంది తిన్నరు, ఎవరన్న సచ్చిన్రా?"

"నీ ద్రాక్షపండు నీళ్లల్ల ఈదుతదా?"

"ఆ పచ్చదంతా ఒక్కసారి సచ్చి కుళ్లితే నీళ్లల్ల గాలి మిగలదు. చేపలు ఊపిరాడక పోతయ్," అన్నాను.

"జర ఆగు టీచరమ్మా, నీ క్లాసు అయిపోయింది," అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

శుక్రవారం నీరు తేటపడింది. ఆయన గట్టు మీద నిలబడి ఫోటో దిగాడు. శనివారం తెల్లవారేసరికి కుంట గోధుమరంగులో కంపు కొడుతోంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఎండెక్కేసరికి అన్నీ వెల్లకిలా పడ్డాయి. ఆమె మోకాలి లోతున నిలబడి గంపలోకి ఎత్తుతోంది, అమ్మడానికి కాదు, పూడ్చడానికి.

"పెండ్లిళ్ల గిరాకికి వల ఏద్దామనుకున్న టీచరమ్మా," అంది.

"ఎండకు సచ్చినయ్," అన్నాడు అధ్యక్షుడు. ఖాళీ సంచులు ఆయన కాళ్ల దగ్గరే ఉన్నాయి.

పోయినవి ఇవి: బొచ్చె చేపలన్నీ. రవ్వలన్నీ. వానాకాలం నుంచి ఆమె పెంచిన పెంపకం. మరుసటి ఏడాది ఆమె కట్టలేకపోయిన గుత్త.