ఉతకొద్దన్న తువ్వాలు

మా బావకి రెండు కుర్చీల సెలూన్ ఉంది. రెండో కుర్చీలో మనిషి కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు, దాని మీద రేడియో కూర్చుంటుంది. జుట్టు కత్తిరించడంలో ఆయన అంతంత మాత్రమే గానీ, తలకి నూనె పెట్టి మర్దనా చేయడంలో సాటి లేరు. ఆ చేతులు తల మీద పడ్డాయంటే ఎంతటి వాగుడుకాయైనా మాట మధ్యలో ఆపి గురక పెట్టాల్సిందే. ముప్పై ఏళ్ళుగా పరాయి తలలకి నూనె రాసీ రాసీ ఆయన వేళ్ళు ఎప్పుడూ నిగనిగలాడుతూ ఉంటాయి. ఆయన భుజం తడితే చొక్కా మార్చుకోవాలి.

వారానికో రోజు సెలూన్‌కి సెలవు. ఆ రోజు తెల్లవారుతూనే ఒక లోతు పళ్ళెం, ఖాళీ మందుసీసా పట్టుకుని, భుజాన పాత తువ్వాలు వేసుకుని నది మలుపు దగ్గరికి వెళ్ళేవాడు. బంగారం కోసం. మీరు నవ్వక్కర్లేదు, అందరి వంతూ నేనే నవ్వేశాను.

కథ ఎనిమిదేళ్ళ కిందటిది. అక్కా బావా సరదాగా ఆ మలుపు దగ్గరికి వెళ్ళి, ఒడ్డున అన్నాలు తిన్నారు. తిన్నాక ఊరుకోవచ్చుగా! అక్క జుట్టు కొసలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని అక్కడే కూర్చోబెట్టి కత్తిరించాడు. పనయ్యాక అలవాటు కొద్దీ ఆమె మెడ చుట్టూ ఉన్న తువ్వాలు లాగి ఒక్క దులుపు దులిపాడు. దానితో పాటు అక్క ఎడమ చెవి దుద్దు ఎగిరి నీళ్ళలో పడింది. అది మా అమ్మ పెట్టుకున్న జత. అమ్మ పోయాక అక్కకి వచ్చింది.

బావ బట్టలతోనే దిగాడు. దొరకలేదు. అన్నం తిన్న పళ్ళెంతోనే ఇసుక తోడి, కడిగి, పొద్దుగూకే దాకా వెతికాడు. దుద్దు రాలేదు గానీ పళ్ళెం అడుగున ఆవగింజలో పదో వంతు పసుపు నలుసు మెరిసింది. అసలైన బంగారమే.

"నది తీసుకుంది, నదే ఇస్తుంది," అన్నాడట. కొత్తది కొనుక్కుందామంటే వినలేదు. పోగొట్టింది తన చెయ్యి కాబట్టి, తన చేత్తో ఏరిన బంగారంతోనే రెండో దుద్దు చేయించాలి. ఆయనది ఉడుంపట్టు.

మిగిలిన దుద్దుని అక్క డబ్బాలో దాచి, చెవి కన్నాలు పూడిపోకుండా చీపురుపుల్ల ముక్కలు పెట్టుకుంది. "చీపురుపుల్లల మహారాణీ" అని ఏడిపించేవాణ్ణి. వాళ్ళకి పిల్లల్లేరు. ఎవరైనా "కడుపున ఒక్క నలుసైనా..." అని జాలి మొదలుపెడితే, "మా ఆయన నదికి వెళ్ళాడుగా, తెస్తాడులెండి," అనేది నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే నాకు మనసు చివుక్కుమనేది.

నేనూ కొన్నిసార్లు ఆయన వెంట వెళ్ళాను. నీళ్ళ మీద మంచు పడుకుని ఉండేది. ఆవలి ఒడ్డు ఉందో లేదో తెలిసేది కాదు. ఆయన నీటి అంచున గొంతుక్కూర్చుని, కళ్ళు సగం మూసి, ఎవరి తలకో మర్దనా చేస్తున్నంత మెల్లగా పళ్ళెం తిప్పేవాడు. తెల్ల ఇసుక అంచు దాటి వెళ్ళిపోయేది, తర్వాత ఎర్రది. చివరికి చిటికెడు నల్ల ఇసుక మిగిలేది. చూస్తూ చూస్తూ నాకూ నిద్రలాంటిది కమ్మేది. నేను ప్లంబర్ననీ, ఎవరింట్లోనో కుళాయి విప్పి పెట్టి వచ్చాననీ మర్చిపోయేవాణ్ణి. నల్ల ఇసుకలో పసుపు కనిపించగానే గడ్డం బ్రష్షులోంచి పీకిన వెంట్రుక తడిపి, దాని కొసతో ఒక్కో నలుసునీ సీసాలోకి ఎత్తేవాడు. వాటికంటే సన్నటివి కొన్ని నీళ్ళ మీద తేలుతూ అంచు దాకా వెళ్ళేవి.

"అవేంటి బావా?"

"దుమ్మురా. బంగారం ఎక్కడైనా తేలుతుందా? బరువు కదా, మునగాలి."

నిజమే అనుకున్నాను. చేతులు తువ్వాలుకి తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టేవాడు. దుద్దుని ఎగరగొట్టిందీ ఆ తువ్వాలే, మొదటి నలుసు దొరికినప్పుడు భుజాన ఉన్నదీ అదే. ఉతికితే అదృష్టం పోతుందని ఆయన నమ్మకం. ఎనిమిదేళ్ళుగా దానికి సబ్బు వాసన తెలీదు. నిలబెడితే నిలబడేది. అక్క ఇంట్లోకి రానిచ్చేది కాదు, పెరట్లో మేకుకి వేలాడేది.

ఈ ఏడాది ఆ మలుపు దగ్గర వంతెన పని మొదలవుతోందనీ, వచ్చే వారం కంచె వేసేస్తారనీ బోర్డు పెట్టారు. బావ సీసా పట్టుకుని కంసాలి దగ్గరికి పరిగెత్తాడు. కంసాలి తూచి, "ముప్పాతిక దుద్దుకి వస్తుంది. పాతిక తక్కువ," అన్నాడు. చివరి సెలవు రోజున బావ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కడిగితే నాలుగంటే నాలుగు నలుసులు దొరికాయి. తువ్వాలు మేకుకి తగిలించి, గుమ్మంలో కూలబడ్డాడు.

"మీ అమ్మది పోగొట్టాను. దానికి జతైనా తేలేకపోయాను," అన్నాడు అక్కతో.

నా నాలిక చివర ఉన్న వెటకారం మింగేశాను. నిజం చెప్పొద్దూ, నాకూ ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్న పెరట్లో కారుతున్న కుళాయి బిగిస్తున్నాను. అక్క బకెట్‌లో వేడినీళ్ళు పోసి, అంట్ల సబ్బు కలిపి, తువ్వాలు అందులో ముంచింది. "ఇక నదే లేదు, ఈ అదృష్టం ఎవరికి?" అని గొణుక్కుంటూ పిసికి, జాడించి, తీసి పక్కన పెట్టింది. మురికినీళ్ళు మెల్లగా తూములోకి వంచుతూ, అడుగంటే సరికి ఆగిపోయింది. బకెట్ మూలన కాస్త నల్ల ఇసుక. దాని అంచున వేలెడు పొడవు పసుపు గీత.

"ఏమండీ!"

ఆ కేకకి బావ సగం గీసిన గడ్డంతో వచ్చిపడ్డాడు.

జిడ్డు సంగతి నన్నడగండి, జిడ్డు పట్టిన గొట్టాలతోనే నా బతుకు. అంత సన్నటి నలుసుకి నూనె అంటితే నీళ్ళు దాన్ని ముంచలేవు. బావ వేళ్ళ నూనె తగిలి అవి తేలేవి. దుమ్మనుకుని కొన్నిటిని నదికే వదిలేశాడు, కొన్ని ఆ వేళ్ళకే అంటుకుని తువ్వాల్లోకి చేరాయి. సబ్బు తగిలి జిడ్డు వదలగానే అన్నీ బుద్ధిగా అడుక్కి దిగాయి.

"చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికావు కదయ్యా!" అన్నాను.

ఆయన వినలేదు. బకెట్ ముందు గొంతుక్కూర్చుని, కళ్ళు సగం మూసి, దాన్ని మెల్లగా తిప్పుతున్నాడు. అక్క పక్కనే కూర్చుని ఆయన మొహమే చూస్తోంది. కుళాయి కారుతూనే ఉంది, నేనూ కట్టలేదు.

కంసాలి మళ్ళీ తూచాడు. సరిపోయింది.

దుద్దు తయారైన రోజున బావ రెండో కుర్చీ మీంచి రేడియో దించి అక్కని కూర్చోబెట్టాడు. అప్పుడే ఎవరి తలకో మర్దనా చేసి పంపినట్టున్నాడు. అక్క కుడి చెవికి అమ్మ దుద్దు పెట్టుకుని, ఎడమ చెవిలోంచి చీపురుపుల్ల తీసేసింది. బావ కొత్తది పట్టుకుని ఆ చెవి మీదికి వంగాడు. దుద్దు వేళ్ళ మధ్య నుంచి జారి, ఠంగున నేల మీద పడి దొర్లింది. నేనూ బావా రాలిన జుట్టులో మోకాళ్ళ మీద పాకి, కుర్చీ కాలి దగ్గర పట్టుకున్నాం.

అక్క అద్దంలోంచే ఆయన్ని చూసింది.

"ముందు సబ్బుతో చేతులు కడుక్కుని రండి."

బావ వెళ్ళి మోచేతుల దాకా కడుక్కున్నాడు, చాలాసేపు. ఆయన తిరిగొచ్చేసరికి అక్క ఎడమ చెవి ఆయన వైపు తిప్పి, కళ్ళు మూసుకుని కూర్చుంది.