ఎక్స్ పక్కనే సి

మా కంప్యూటర్ సార్ పోయారని పావగడ బస్టాండులో ఆటో దిగుతుండగా ఫోన్ వచ్చింది. ముందు ఏడుపు రాలేదు. ఇక ఆయనకు నిజం చెప్పే వీలు లేదన్నదే తట్టింది.

హైస్కూల్లో రిటైరయ్యాక సార్ తన ఇంటి ముందుగదిలో మాలాంటివాళ్లకు కంప్యూటర్ నేర్పేవారు. మౌస్ ముట్టనిచ్చేవారు కాదు. నల్లటి తెర మీద కమాండ్లు టైపు చేయాల్సిందే. చాలా ఫైళ్లను ఒకే మూటగా కట్టే ‘టార్’ అంటే ఆయనకు మహా ఇష్టం. సి కొడితే మూట కడుతుంది, ఎక్స్ కొడితే విప్పుతుంది, టీ కొడితే లోపలేముందో చూపిస్తుంది. ఎఫ్ వెనకాలే ఫైలు పేరు రావాలి.

“జిప్‌లో అయితే విప్పేదానికి వేరే కమాండు ఉండాది. ఈడ ఒక్క అక్షరమే తేడా. కీబోర్డులో ఎక్స్ పక్కనే సి. ముందు టీ కొట్టి చూడమ్మా, ఆమీద విప్పుదువు,” అనేవారు, కళ్లద్దాలు చొక్కా కొసతో తుడుచుకుంటూ.

సోలార్ పార్కు వచ్చాక రాయచెర్లు ఊరి చుట్టుపక్కల చేలు ప్యానెళ్ల కిందికి పోయాయి. ఒక్కో చేనుకూ ఒక పేరుండేది. ఆ పేర్లు పోకూడదని సార్ ముసలివాళ్ల గొంతులు రికార్డు చేశారు. అందరికంటే ఎక్కువ పేర్లు చెప్పింది గొర్లు కాసే ఒక అవ్వ. అన్నీ కలిపి ఒకే మూట కట్టి, విడి ఫైళ్లు తీసేశారు. ఇంకో కాపీ తీయడానికి కొత్త డిస్కు కొనాలనుకుంటూ ఉన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి లోపలికి పోతూ, అందులోంచి రాయచెర్లు ఫైళ్లు విప్పిపెట్టమన్నారు. తొందరలో టీ కొట్టలేదు. ఎక్స్ బదులు సి కొట్టాను. ఉన్న మూట మీదే కొత్త మూట, అదీ ఖాళీది, కట్టేశాను.

సార్ చేయి తుడుచుకుంటూ వచ్చారు. “ఏమైందమ్మా?”

“డిస్కు పోయినట్టుండాది సార్,” అన్నాను.

ఆయన కాసేపు తెర వైపు చూశారు. “పోనీలేమ్మా. మళ్లా పోదాం.”

ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పాలనుకున్నాను. నేను మాట మొదలుపెట్టి ఆగినప్పుడల్లా ఆయన కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకునేవారు. నేను ఇంకేదో మాట్లాడి లేచొచ్చేదాన్ని.

ఆయన పోయిన మూడో రోజు సార్ భార్య దగ్గర బయటపెట్టాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

“ఆయనకు తెలుసమ్మా. నువ్వు కొట్టినవన్నీ మిషన్లో నిలిచిపోతాయంట కదా. ఆ పొద్దే చూసినారు. ‘ఆ పాప తనే చెప్తాది, నువ్వు అడగొద్దు’ అన్నారు.”

అంటే తెలిసే, ఆ మూట పోయిన మరుసటి వారం నన్ను రాయచెర్లుకు తీసుకుపోయారు. అవ్వ అప్పటికే కన్నుమూసింది. ఆమె కోడలు మాతోపాటు సోలార్ పార్కు కంచె దాకా వచ్చింది.

“మా అత్తకైతే అన్నీ నోటికొచ్చు సార్,” అంటూ నాలుగు పేర్లు చెప్పింది. “ఇంగా ఆ పక్క ఒకటుండె...” అని ప్యానెళ్ల వైపు చేయి చాచింది. పేరు రాలేదు. చేయి మాత్రం గాలిలో అలాగే ఉండిపోయింది.

సార్ నా వైపు తిరగలేదు. రికార్డరును ఇంకాస్త పైకెత్తి పట్టుకుని, ఆ చేయి చూపిస్తున్న దిక్కే చూస్తూ నిలబడ్డారు.