పెద్దసారు బంతిలో కూర్చున్న రోజు

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా అమ్మ నవ్వుతుంది, "నిండా ముప్పై ఏళ్లు లేవు, నీకు ఆ రోజులేందే!" అని. నిజమే, ఇది మొన్నమొన్నటి సంగతే. కానీ ఉద్యోగంలో కొత్తగా చేరిన మనిషి వేరు, అందులో నాలుగేళ్లు నలిగిన మనిషి వేరు. అప్పట్లో నేను నరసరావుపేటలో వార్డు ప్లానింగ్ సెక్రటరీని. మెడలో ఐడీ కార్డు నిద్రలో కూడా తీసేదాన్ని కాదు (కాస్త ఎక్కువ చేసి చెబుతున్నాను, కాస్తే). మా వార్డులో ఒక బజారు చివర మున్సిపాలిటీ స్థలం ఖాళీగా ఉండేది. అక్కడ పార్కు కట్టాలని పైనుంచి ఆదేశం వచ్చింది, డ్రాయింగు గీసే భాగ్యం నాకు దక్కింది. తిండీ నిద్రా మాని గీశాను: చుట్టూ గోడ, గేటు, నడక బాట, నట్టనడుమ ఫౌంటెన్. కుళాయి రోజు మార్చి రోజు వచ్చే బజారులో ఫౌంటెన్‌కి నీళ్లెక్కడివన్న ఆలోచన నాకు రానే లేదు.

ఆ స్థలం నా కంటికి ఖాళీగా కనబడింది గానీ బజారు వాళ్లకు అది ఖాళీ కాదు. పెళ్లయినా నిఖా అయినా, బారసాలయినా పెద్దకర్మ అయినా షామియానా లేచేది అక్కడే. ఫంక్షన్ హాలు అద్దె కట్టే తాహతు ఆ బజారులో ఏ ఇంటికీ లేదు. గోడ కట్టి గేటుకు తాళం వేస్తే ఇక వాళ్ల మంచీచెడూ అంతా నడిరోడ్డు మీదే. అందుకే అభ్యంతరాలు వినే రోజున బజారు బజారంతా ఆఫీసుకు కదిలొచ్చింది. అందరికన్నా ముందు మైకు పెద్దమ్మ (ఆవిడ మాట్లాడితే మైకు అక్కర్లేదని బజారు పెట్టిన పేరు). మా ప్లానింగ్ అధికారి, అంటే పెద్దసారు, వాచీ చూసుకుంటూ "మనిషికి రెండు నిమిషాలు" అన్నారు.

"పార్కు వద్దనట్లా సారూ. గోడ వద్దు, మధ్యలో ఆ నీళ్లు చిమ్మేది వద్దు. మా కార్యాలకి జాగా వదలండి" అంది పెద్దమ్మ.

"ఎంత జాగా? చదరపు మీటర్లలో చెప్పాలి."

"మీటర్లు నాకేం తెలుసు సారూ? రెండు బంతులు ఒక్కసారే కూర్చోవాల, అంతే."

సారు నావైపు తిరిగి, "భోజనాల బంతి అంటే ఎన్ని మీటర్లుంటుందమ్మా?" అన్నారు. నాలుగేళ్ల ఇంజినీరింగులో ఆ పాఠం లేదు. బంతిలో కూర్చుని తినడమే తప్ప దాన్ని కొలిచిన పాపాన పోలేదు. "సరే, సైటు దగ్గరికి వస్తాంగా, అక్కడే చూపించండి" అని ఆయన లేచిపోయారు. వదిలించుకోవడానికి అన్న మాట అది. పెద్దమ్మ మాత్రం ఆర్డరు కింద తీసుకుంది.

సైటు చూసే రోజున నేను టేపు పట్టుకుని కాస్త ముందుగా వెళ్లి, సందు మలుపులోనే నిలబడిపోయాను. షామియానా! బారుగా టేబుళ్లు, కుర్చీలు, అరిటాకులు! టెంటు సామాను అద్దెకిచ్చే బాబాయ్ (వాళ్లమ్మాయి నిఖా ఆ వేసవిలోనే, అదీ అక్కడే) లుంగీ ఎగ్గట్టి గుంజలు బిగిస్తున్నాడు. పక్కన గాడిపొయ్యి మీద సాంబారు తెర్లుతోంది. "ఎవరి పెళ్లి పెద్దమ్మా?" అన్నాను. "పెళ్లా పాడా! చూపియ్యమన్నాడుగా సారు, చూపిస్తన్నాం" అంది. ఇంటికిన్ని బియ్యం, ఇంత పప్పు పోగేశారట. నా ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకున్నాను. అయినా, నిజం చెప్పొద్దూ, ఏదో జరగబోతోందని ఒకటే హుషారు, కాళ్లు నేల మీద నిలవడం లేదు. ఇంతలో ఆటో ఒకటి వచ్చి ఆగింది. పట్టుబట్టల్లో నలుగురు దిగి తిన్నగా వచ్చి మొదటి బంతిలో కూర్చున్నారు. నూజెండ్ల నుంచి ఏదో పెళ్లికి వచ్చి, షామియానా కనబడగానే ఇదే అనుకున్నారు. "పెళ్లికూతురేదమ్మా?" అని వాళ్లలో పెద్దాయన అడిగితే పెద్దమ్మ తడుముకోలేదు. "ముందు తినండి అన్నయ్యా, బంతి నిండాల" అంది.

పెద్దసారు "ఐదు నిమిషాలే" అంటూ జీపు దిగారు. "కూర్చుంటేనే గదా సారూ, మనిషికెంత జాగా పట్టిద్దో తెలిసేది" అని పెద్దమ్మ కుర్చీ లాగింది. ఆయన కూర్చున్నారు. ఆకులో గోంగూర పడ్డాక లేచే మనిషి పల్నాడులో ఇంకా పుట్టలేదు. అయితే ఆయన్ని ఎవరి పక్కన కూర్చోబెట్టిందో నేను గమనించలేదు. నిదానం తాత పక్కన. తాతకు పళ్లు లేవు, తొందరా లేదు. సారు పెరుగన్నం దాకా వచ్చి, ఆకు మడిచి, లేవబోయారు. ఎదురు వరసలోంచి టెంటు బాబాయ్ చెయ్యి చాపాడు: "కూర్చోండి సారూ, తాత ఇంకా పప్పులోనే ఉండాడు."

బంతిలో చివరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. ఆ మర్యాద ఎంత పెద్ద అధికారికైనా ఒకటే. సారు కూర్చుండిపోయారు. తాత పప్పు ముగించి వంకాయ కూర అడిగాడు. ఇక చూస్కోండి! ఆఫీసులో రెండు నిమిషాలకు నోరు నొక్కేసిన జనం ఒకరి తరవాత ఒకరు మొదలుపెట్టారు. పాడె తిరగడానికి చోటుండాలని ఒకరు, పిల్లల క్రికెట్ సంగతేందని ఒకరు. నూజెండ్ల పెద్దాయన కూడా ఊరుకోలేదు, "చెట్లు ఓ పక్కకి వేయించండి సారూ, వంట సెగకి మాడిపోతయ్" అని సలహా ఇచ్చాడు (తాను ఎక్కడున్నాడో ఆయనకింకా తెలియదు). నేను సాంబారు బకెట్ల మధ్య వంగి టేపు లాగుతున్నాను. వడ్డించేవాళ్లు నడవలో ఉన్న నీలం డ్రమ్ముకి మోకాళ్లు కొట్టుకుని మాటిమాటికీ "అబ్బా" అంటున్నారు. "ఆ డ్రమ్మెందుకు అక్కడ?" అన్నారు సారు విసుగ్గా. "అదా సారూ," అంది పెద్దమ్మ, ఈసారి బజారంతా వినేలా, "అది మా అమ్మాయి గీసిన ఫౌంటెను!"

బంతి బంతంతా గొల్లుమంది. సారు మజ్జిగ తాగుతూ పొలమారారు. నాకు సిగ్గు ముంచుకొచ్చింది, దాంతోపాటు ఆపుకోలేని నవ్వూ వచ్చింది. తాత చెయ్యి కడుక్కునేసరికి సారు డ్రాయింగు తెప్పించుకుని, గోడనూ ఫౌంటెన్‌నూ కొట్టేసి, మూడు పక్కల చెట్లు, మధ్యలో మాచర్ల నాపరాళ్లు అని రాసి సంతకం పెట్టారు. సంతకం చూసి బజారు వేసిన కేకలకు చుట్టుపక్కల వాళ్లు నిజంగానే ఎవరి పెళ్లో అయిందనుకున్నారు.

మొన్న ఆ నేల మీదే బాబాయ్ రెండో అమ్మాయి నిఖాకు వెళ్లాను. రెండు బంతులు పట్టేలా నేను గీసిన నేల మీద, బఫే! ఎవరి ప్లేటు వాళ్లది, ఎవరి తొందర వాళ్లది. నా తరవాత వచ్చిన ప్లానింగ్ కుర్రాడు నిలబడే నాలుగు ముద్దలు తిని, పెద్దమ్మ వీధి దీపం గురించి చెబుతుండగానే "చూద్దాం పెద్దమ్మా" అంటూ బండెక్కాడు. నేనూ తినడం ముగించి చెయ్యి కడుక్కోబోయాను. ఎందుకో ఆగి, పక్కన ఎవరైనా ఇంకా తింటున్నారేమోనని చూశాను. పెద్దమ్మ ప్లేటులో సగం బిర్యానీ అలాగే ఉంది. ఖాళీ ప్లేటుతో ఆవిడ పక్కనే నిలబడి, "ఆఁ, దీపం సంగతేంది, చెప్పు పెద్దమ్మా" అన్నాను.