ఊపిరి పీల్చిన వెండి

మా పెదనాన్నకు ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియదు. లోహాల పరిశోధనశాలలో కొలిమి దగ్గర మాత్రం చెయ్యి తిరిగిన మనిషి. వెండికి ఒక పాడు గుణముంది. కరిగినప్పుడు గాలిని తెగ పీల్చుకుంటుంది, చల్లారేటప్పుడు కక్కేస్తుంది. అందుకే మూసలో, అంటే లోహం కరిగించే మట్టి గిన్నెలో, వెండికి గాలి తగలకుండా బొగ్గుపొడి కప్పుతారు. నిద్రలో లేపినా ఆ పని చేసేస్తాడని పెద్దమ్మ ఆయన్ని ఏడిపించేది.

పెద్దమ్మది ఉబ్బసం. దుప్పటి మెడ దాటి కప్పబోతే "ఊపిరాడట్లేదయ్యా" అని తోసేసేది. చివర్లో గొంతు పెగలక చిన్న వెండి గంట మోగించి పిలిచేది. ఆ మోతకు పెదనాన్న తింటున్న పళ్లెం వదిలి పరుగెత్తేవాడు. ఆవిడ పోయిన రోజు గంట చేతిలోంచి జారి బీటవారింది. మళ్లీ మోగలేదు.

అప్పుడే పరిశోధనశాలలో శాస్త్రవేత్తలిద్దరికీ పంతం వచ్చింది. వెండి గంటను కరిగించి, అదే ఆకారపు అచ్చులో పోస్తే పాత మోతే వస్తుందని కళ్లజోడు మేడమ్. "నిప్పులో పడ్డాక పాతా లేదు, గీతా లేదు" అని పొడుగు సారు. నెలల తరబడి కీచులాడుకుని, చివరికి పరీక్షే చేద్దామన్నారు. పెదనాన్న తన గంట తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టాడు. పోల్చుకోవడానికి పాత మోత నా ఫోన్‌లో రికార్డు చేసి ఉంది.

"ఫోన్‌లో కాదు, గంటలోంచే ఒక్కసారి వింటే చాలమ్మా, ఇంకేం అడగను" అన్నాడు నాతో. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది.

పట్టపగలు, అందరం చూస్తుండగా వెండి కరిగింది. పెదనాన్న గరిటెడు బొగ్గుపొడి తీసి, మూస మీద వంచబోయి ఆగిపోయాడు. లోపలినుంచి సన్నగా ఈల. పెద్దమ్మ గుండెల్లో పిల్లికూతలు అచ్చం ఇలాగే ఉండేవి.

"కప్పవయ్యా! ఏం చూస్తున్నావ్?" సారు అరిచారు.

పెదనాన్న గరిటె పక్కన పెట్టేశాడు.

అచ్చులో పోసిన వెండి బుసబుసమంటూ గాలి కక్కింది. బయటికి తీస్తే గంట ఒళ్లంతా పొక్కులు, తూట్లు. కొడితే చచ్చు చప్పుడు, అంతే. పరీక్ష మట్టికొట్టుకుపోయింది. ఆ ఇద్దరూ మొట్టమొదటిసారి ఒక్కమాట మీదికి వచ్చారు. ఈయనకు మతి పోయిందట.

దారిలో ఉండబట్టలేక అడిగేశాను. "ఆ మోత కోసమేగా ఇంత తపించావు! కాస్త బొగ్గు కప్పడానికి ఏమొచ్చింది నీకు?"

"ఎలా కప్పనే? ఊపిరాడట్లేదంటుంటే!"

ఆ గంట ఇప్పుడు పెద్దమ్మ మంచం పక్కన కిటికీలో ఉంది. మొన్న గది ఊడుస్తూ, దుమ్ము పడుతుందని దానిమీద గుడ్డ కప్పాను. గుమ్మం దాటానో లేదో, వెనక పిల్లికూతలు. వంటగదిలో పళ్లెం కింద పడ్డ చప్పుడయింది.

"వస్తున్నానే, వస్తున్నా" అంటూ ఎంగిలి చేత్తో పరుగెత్తుకొచ్చాడు పెదనాన్న.

అప్పటికే గుడ్డ నా చేతిలో ఉంది.