గడ్డకట్టిన ముగ్గు

నా చిన్నప్పుడు మంచు పడిందంటే బడి ఉండదని గంతులేసేదాన్ని. ఆ ఒక్క రోజు తరువాత మానేశాను. అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా ఇంటి ముందు కాలిబాట ఊరందరిదీ అయినా, మంచు తీసే బాధ్యత మాత్రం ఇంటివాళ్ళదే. "నడిచేది ఊరు, నడుము పడిపోయేది నాది" అని సణుక్కుంటూనే నాన్న పారతో మంచు ఎత్తిపోసి, అమ్మతో కలిసి ఆఫీస్‌కి వెళ్ళిపోయాడు.

మా నాన్నమ్మ బాపట్ల నుంచి వచ్చి నెల కూడా కాలేదు. పారకు అందక మిగిలిన మంచు ఆవిడ కళ్ళకి పాచి వాకిలిలా కనబడింది. "ఛీ, ఇదేం వాకిలే అమ్మడూ! ఇలా ఉంటే లక్ష్మి వస్తుందటే?" అంటూ పెద్ద గిన్నెలో నీళ్ళు కాచి, బాట పొడుగునా పోసి, చీపురుతో కడిగేసింది. నేల పొగలు కక్కుతూ నల్లగా తేలింది. దాని మీద చిన్న ముగ్గు కూడా పెట్టి ఎంత మురిసిపోయిందో!

మధ్యాహ్నానికి ఎండ ఇంటి వెనక్కి వెళ్ళిపోయింది. వీధిలో అలికిడి లేదు. ముగ్గు మీద వేలు పెడితే పిండి అంటలేదు. పక్కల కరిగి పారిన నీళ్ళు గడ్డకట్టి, పైన గాజులాంటి మంచుగడ్డ, దాని కింద ముగ్గు. చూడ్డానికి మాత్రం నేల ఉత్తి తడిగానే ఉంది. నాన్నమ్మని పిలిచాను. ఆవిడ కాలితో తాకి చూసి, చటుక్కున వెనక్కి లాక్కుంది.

అప్పుడే టక్, టక్ అని చేతికర్ర చప్పుడు. పక్కింటి ముసలావిడ, రోజూ ఆ వేళకే వీధి చివర పోస్ట్ డబ్బా దాకా వెళ్ళేది. పాపం చూపు ఆనదు, చెవులూ అంతంతమాత్రమే. "స్టాప్!" అని నేనరిచిన అరుపు ఆవిడకి చేరలేదు. కర్ర చప్పుడు దగ్గరవుతూనే ఉంది. "అయ్యో తల్లీ, రాకు!" అంటూ నాన్నమ్మ చేతులు చాపి ఎదురెళ్ళింది. రెండడుగులు వేసిందో లేదో, ముగ్గు మీదే దబ్బున పడింది. కర్ర చప్పుడు గడ్డ అంచునే ఆగిపోయింది.

తుంటి విరిగి మంచాన పడ్డా, నాన్నమ్మ నొప్పి గురించి ఒక్క మాట అనలేదు. "కడిగి లోపలికొచ్చేశానే, ఒక్కసారైనా దాని మీద నడిచి చూశానా!" అని మాత్రం పదేపదే బాధపడేది. మళ్ళీ తనంతట తాను నడవలేదు.

ఇప్పుడు నేనూ ఆవిడ వయసుకొచ్చాను. మంచు తీసి, ఉప్పు చల్లాక, ఆ బాట మీద మొదటి అడుగు నేనే వేస్తాను. "అమ్మా, నీకెందుకు, పడతావ్!" అని మా అబ్బాయి లోపల్నుంచి కేకలేస్తాడు. వాడి మాట వినను. మా వాకిట్లో ఎవరైనా పడాల్సి వస్తే, ముందు నేనే పడాలి.